ఎన్‌బీ వన్ 2024–25: హంగేరీ లీగ్ వెంట ఊరూరా, నోట్‌బుక్‌తో సహా

ఈ సీజన్‌కి నేను పెట్టుకున్న పని చిన్నదే. హంగేరీ టాప్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌బీ వన్‌లో పన్నెండు జట్లున్నాయి, వాటిలో వీలైనన్నింటిని వాళ్ళ సొంత గ్రౌండ్‌లోనే చూడాలి, చూసిన ప్రతి మ్యాచ్‌కీ నోట్‌బుక్‌లో ఒక పేజీ రాయాలి. నేనుండేది డెబ్రెత్సెన్‌లో, ఇక్కడి యూనివర్సిటీలో చదువు. మన దేశం నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ బాగానే ఉన్నారు, తెలుగు వాళ్ళూ ఉన్నారు, కానీ వాళ్ళలో చాలామంది టీవీలో ప్రీమియర్ లీగ్ చూస్తారు తప్ప ట్రామ్ ఎక్కితే వచ్చే స్టేడియం వైపు వెళ్ళరు. అందుకే ఇది రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుందని.

టైటిల్ ఎవరిదా అని చూస్తే ఈ లీగ్‌లో సస్పెన్స్ తక్కువ. 2019 నుంచి 2025 దాకా ప్రతి ఏటా బుడాపెస్ట్ క్లబ్బు ఫెరెన్స్‌వారోష్‌దే, ఈసారి గెలిచింది వరసగా ఏడోది, మొత్తం మీద 36వది. అయినా ఊరి కోసం, గ్రౌండ్ కోసం, కింది సగం పోరాటం కోసం చూస్తే ఇంత దగ్గరగా ఉండే లీగ్ యూరప్‌లో తక్కువే అని నా నమ్మకం.

ముందు ఫార్మాట్ సంగతి, ఎందుకంటే ట్రిప్‌లన్నీ దాని మీదే ఆధారపడతాయి. పన్నెండు జట్లు ఒక్కోదానితో మూడేసి సార్లు ఆడతాయి, మొత్తం 33 రౌండ్లు. 33 బేసి సంఖ్య కాబట్టి కొన్ని జట్లకి సొంతూళ్ళో 17 మ్యాచ్‌లు, మిగతావాటికి 16. జులై ఆఖర్లో మొదలై, డిసెంబర్ మధ్యలో ఆగి, చలి కాస్త తగ్గాక మళ్ళీ మొదలై మే నెలాఖరుకి అయిపోతుంది. చివరి రెండు జట్లు కింది లీగ్‌కి పోతాయి. పాయింట్లు సమానమైతే గోల్ తేడా కంటే ముందు ఎవరు ఎక్కువ మ్యాచ్‌లు గెలిచారో చూస్తారు, మీరు సొంతంగా టేబుల్ కట్టుకునేవాళ్ళైతే షీట్‌లో ఆ కాలమ్‌ని ముందు పెట్టండి. రౌండ్ ఏ వారాంతమో ముందే తెలుస్తుంది కానీ కచ్చితమైన రోజు, టైమ్ టీవీ ప్రసారాన్ని బట్టి తర్వాత వస్తాయి. రోజు ఖాయమయ్యాకే రైలు సీటు కొనాలి.

నోట్‌బుక్ పేజీలో స్కోరుకి ఒక్క లైనే ఇస్తాను, అది ఎక్కడైనా దొరుకుతుంది. మిగతాదంతా ఎలా వెళ్ళాను, ఏ గేటు, ఏ స్టాండ్, ఎండ ఎటు నుంచి పడుతోంది, అవతలి ఊరి నుంచి ఎంతమంది వచ్చారు, ఏం అరిచారు, ఏం తిన్నాను, వెనక్కి చివరి రైలు ఎన్నింటికి. చివరి రైలు టైమ్‌ని ఎర్ర ఇంకుతో పేజీ పైనే రాసుకుంటాను. సాయంత్రం మ్యాచ్ బుడాపెస్ట్‌లో ఉంటే డెబ్రెత్సెన్‌కి ఇంచుమించు రెండున్నర గంటల ప్రయాణం, ఆఖరి పది నిమిషాల ఆట చూడాలా వద్దా అన్నది ఆ ఎర్ర అంకెను బట్టే తేలుతుంది.

డబ్బుల విషయానికొస్తే, స్టూడెంట్‌గా ఇక్కడ ఉన్నవాళ్ళకి ఇది అదృష్టమే. దేశమంతా తిరిగే నెలవారీ పాస్ ఈ సీజన్‌లో మామూలుగా 18,900 ఫోరింట్లు, చెల్లే స్టూడెంట్ కార్డు ఉంటే 1,890. మన డబ్బుల్లో దాదాపు ఐదొందలు. ప్యాసింజర్ రైళ్ళకీ, ఊళ్ళ మధ్య తిరిగే బస్సులకీ అది సరిపోతుంది, ఐసీ (ఇంటర్‌సిటీ) రైలు ఎక్కితే మాత్రం సీటుకి విడిగా కట్టాలి. మ్యాచ్ టికెట్లు ఆయా క్లబ్బు సైట్‌లో కొనొచ్చు, చాలాచోట్ల పేరు మీద వస్తాయి, కాబట్టి పాస్‌పోర్టో రెసిడెన్స్ కార్డో జేబులో ఉండాల్సిందే. పెద్ద బ్యాగ్ తీసుకెళ్ళకండి, గేటు దగ్గర టెన్షన్ ఎందుకు.

సొంతూరి నుంచే మొదలుపెట్టాను. డెబ్రెత్సెన్ జట్టుని ఇక్కడ అందరూ ముద్దుగా ‘లోకి’ అంటారు. రైల్వే స్టేషన్ ముందు ఒకటో నంబర్ ట్రామ్ ఎక్కితే ఊరి మధ్యనుంచి నేరుగా పెద్ద అడవిలోకి, అంటే నాద్యెర్దోకి తీసుకెళ్తుంది, చెట్ల మధ్యలో స్టేడియం. 2014లో తెరిచారు, ఇరవై వేలకి పైగా సీట్లు. దాని చుట్టూ పై అంతస్తు ఎత్తులో నడక దారి ఉంది, మ్యాచ్ లేని రోజుల్లో జనం అక్కడ జాగింగ్ చేస్తారు, నేనూ చేస్తాను. 2011–12లో ఈ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఛాంపియన్ అయింది, 30 మ్యాచ్‌ల్లో 22 గెలుపులు, 8 డ్రాలు. ఇప్పుడు పరిస్థితి వేరు, కోచ్‌ని మధ్యలో మార్చి, కిందికి పడిపోతామేమో అనే భయంతోనే సీజన్ ఈడ్చి, చివరికి గట్టెక్కారు. బలాజ్ జుజాక్ ఈ సీజన్‌లోనూ ఆడాడు, హంగేరీ తరఫున 109 మ్యాచ్‌లు ఆడిన రికార్డు ఆయనది, పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆయన ఫ్రీకిక్‌కి బంతి పెట్టుకుంటే పక్కన కబుర్లు చెప్పుకునేవాళ్ళు కూడా నోరు మూసుకునేవాళ్ళు.

బుడాపెస్ట్‌లో మూడు గ్రౌండ్లు. ఫెరెన్స్‌వారోష్‌ది గ్రూపామా అరేనా, మెట్రో మూడో లైన్‌లో నేప్‌లిగెట్ స్టేషన్ దిగితే ఎదురుగానే, బయట పెద్ద గద్ద విగ్రహం. 2025 జనవరిలో ఐర్లండ్ మాజీ స్ట్రైకర్ రాబీ కీన్ కోచ్‌గా వచ్చాక అక్కడ సందడి ఇంకా పెరిగింది. ఉయ్‌పెష్ట్ ఊదా రంగు జట్టు, ఊరికి ఉత్తరాన, ఈ రెండింటి మధ్య డెర్బీ (ఒకే ఊరి జట్ల పోరు) అయితే పోలీసులు ఎక్కువ, మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఆ రోజు వదిలేసి మామూలు మ్యాచ్‌కి వెళ్ళడం మంచిది. ఎమ్‌టీకేది మాత్రం వింత గ్రౌండ్. ట్రామ్ స్టాప్ పేరే హిదెగ్‌కుతి నాందోర్ స్టేడియం. గోల్ వెనకాల స్టాండ్లు లేవు, ఎత్తైన కాంక్రీట్ గోడలున్నాయి. బంతి బార్ మీదుగా పోయి ఆ గోడకి తగిలితే వచ్చే చప్పుడు స్టేడియమంతా వినిపిస్తుంది, జనం తక్కువున్న రోజైతే గోల్‌కీపర్ డిఫెండర్లని తిట్టడం కూడా స్పష్టంగా వినిపిస్తుంది.

ఫెల్చూట్ గురించి ఎంత రాసినా తక్కువే. జనాభా రెండు వేలు కూడా లేని పల్లె. అక్కడ పుష్కాష్ అకాడేమియా అనే క్లబ్బు, ఈ సీజన్‌లో రెండో స్థానం, 2024 ఆగస్టులో యూరప్ క్లబ్బుల పోటీ కాన్ఫరెన్స్ లీగ్ క్వాలిఫయర్లో ఇటలీ క్లబ్బు ఫియొరెంటీనాని పెనాల్టీల దాకా లాగింది. ఈ సీజన్‌నాటి ప్రధాని విక్టర్ ఓర్బాన్ పెరిగిన ఊరు కాబట్టి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందన్న గొడవ దేశంలో ఎప్పుడూ ఉంటుంది, అది న్యాయమైన ప్రశ్నే అని నేనూ అనుకుంటాను. పైగా క్లబ్బు పేరులోని ఫెరెంత్స్ పుష్కాష్, హంగేరీ పాత దిగ్గజ ఆటగాడు, ఆడింది బుడాపెస్ట్‌లోని కిష్‌పెష్ట్‌లో, ఈ ఊరితో ఆయనకి సంబంధం లేదు, ఆ పేరు 2007లో అకాడమీకి పెట్టారంతే. ఇవన్నీ తెలిసి కూడా వాళ్ళ స్టేడియం పాంచో అరేనా లోపలికి వెళ్ళగానే కాసేపు ఆట వైపు చూడలేకపోయాను. హంగేరీ వాస్తుశిల్పి ఇమ్రె మకోవెత్స్ శైలిలో కట్టిన స్టేడియం, సీట్లు నాలుగు వేలు కూడా ఉండవు, పైకప్పు మోసేవన్నీ చెక్క దూలాలు. ఒక్కో స్తంభం పైకి వెళ్ళేకొద్దీ కొమ్మలుగా చీలి తలమీద ఒకదాన్నొకటి కలుసుకుంటాయి. నా సీటు పక్కనున్న స్తంభం మీద చెక్క చారలు, మేకు తలలు, వాన చినికిన చోట రంగు ముదిరిన మరక, అన్నీ దగ్గరగా చూశాను, ఆ పేజీలో బొమ్మ కూడా గీసుకున్నాను. వెళ్ళే దారి: బుడాపెస్ట్ నుంచి బిచ్కెకి రైలు, అక్కణ్ణుంచి బస్సు. తిరుగు బస్సు సాయంత్రం పూట చాలా తక్కువ, మధ్యాహ్నం మ్యాచ్ ఉన్న రోజే ఎంచుకోండి.

పాక్ష్‌కి ప్యాసింజర్ రైలు లేదు, బస్సే గతి. ఆ బస్సు ఎక్కేది గ్రూపామా అరేనా పక్కనున్న నేప్‌లిగెట్ బస్‌స్టేషన్‌లోనే. దేశంలో ఒకే ఒక్క అణు విద్యుత్ కేంద్రం ఉన్న ఊరు, డాన్యూబ్ ఒడ్డున. ఈ క్లబ్బు హంగేరీ ఆటగాళ్ళతోనే ఆడుతుంది, విదేశీయుల్ని కొనదు. అలా ఆడి ఈ సీజన్ మూడో స్థానం, పైగా 2024లో, మళ్ళీ 2025లో, రెండుసార్లూ ఫైనల్లో ఫెరెన్స్‌వారోష్‌నే ఓడించి హంగేరీ కప్ ఎత్తుకుంది. డబ్బున్న క్లబ్బుని ఇలా కొట్టడం చూస్తుంటే ఒళ్ళు పులకరిస్తుంది. నాకిష్టమైన మనిషి డానియెల్ బోదె, నలభైకి దగ్గరపడ్డ స్ట్రైకర్, పాక్ష్ పక్క పల్లెవాడు. సబ్‌స్టిట్యూట్‌గా దిగడానికి లైన్ పక్కన వార్మప్ మొదలుపెడితే చాలు, స్టాండ్ మొత్తం లేచి పేరు పిలుస్తుంది.

మిష్కోల్త్స్‌కి డెబ్రెత్సెన్ నుంచి నీరెజ్‌హాజా మీదుగా రైలుంది. అక్కడి దియోష్‌జ్యోర్ జట్టు 1910లో ఉక్కు కార్మికులు పెట్టింది. గొంతుల విషయంలో దేశంలో ఆ జనాన్ని మించినవాళ్ళు లేరంటాను, పాటలు మాత్రం నాకు ఇంకా రావు, పక్కవాళ్ళని చూసి పెదాలు కదుపుతాను.

తిండి సంగతి. ఇక్కడ మ్యాచ్ అంటే సొత్యి, అంటే వేయించిన పొద్దుతిరుగుడు గింజలు. స్టేడియం బయట ప్యాకెట్లు అమ్ముతారు. పెద్దవాళ్ళు బంతి మీంచి చూపు తిప్పకుండా గింజని ముందుపళ్ళ మధ్య నిలబెట్టి చిట్లించి, పప్పుని నాలుకతో తీసి, తొక్కని ఉమ్మేస్తారు, చేతులు అసలు ఆగవు. ఆట అయ్యేసరికి కాళ్ళ కింద తొక్కలు కరకరలాడతాయి. కొన్ని గేట్ల దగ్గర లోపలికి తీసుకెళ్ళనివ్వరు, ముందే అడగండి. శాకాహారులకి లాంగోష్ ఉంది, నూనెలో కాల్చిన పిండి రొట్టె మీద వెల్లుల్లి, పుల్లటి మీగడ, చీజ్. ఫిబ్రవరి మ్యాచ్‌ల్లో అది చేతులకి కూడా పనికొస్తుంది. ఆ నెలలో రెండు జతల సాక్సులు, కింద కూర్చోడానికి మడతపెట్టిన పాత న్యూస్‌పేపర్, ఇవి మర్చిపోకండి.

నన్ను బాగా కదిలించింది సేకెష్‌ఫెహేర్వార్. అది వీడియోటన్ ఊరు. 1985లో యూరప్ క్లబ్బుల పోటీ యూఏఫా కప్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ని ఇంటికి పంపి ఫైనల్ దాకా వెళ్ళిన క్లబ్బు, సొంతూళ్ళో రియల్ మాడ్రిడ్ చేతిలో 0–3తో ఓడి, మాడ్రిడ్‌లో మాత్రం 1–0తో గెలిచింది. 2011, 2015, 2018లో లీగ్ ఛాంపియన్. ఈ సీజన్ పదకొండో స్థానం, కిందికి పోయింది. వాళ్ళతో పాటు కెచ్కెమేట్ కూడా, రెండేళ్ళ కింద 2022–23లో అదే జట్టు రెండో స్థానంలో ఉంది. సేకెష్‌ఫెహేర్వార్‌లోని సోష్తో స్టేడియంలో పద్నాలుగు వేల సీట్లు, వసంతంలో నేను వెళ్ళిన రోజు చాలా భాగం ఖాళీ. నా ముందు వరసలో ఒక ముసలాయన రెండో సగం అంతా చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు, ఆయన మనవడు కాబోలు, ఆపకుండా ఫోన్‌లో వేరే మ్యాచ్ స్కోర్లు చదివి వినిపిస్తున్నాడు. టైటిల్ అటు చివరి రౌండ్‌లో జ్యోర్ ఊళ్ళో ఫెరెన్స్‌వారోష్ 2–1తో గెలిచి తీసుకుంది, అది టీవీలో చూశాను. కానీ ఆ పేజీకంటే సేకెష్‌ఫెహేర్వార్ పేజీయే నిండుగా ఉంది.

ఇప్పటికి లెక్క: జలాఎగెర్సెగ్ మిగిలింది, దేశానికి పడమటి కొసన ఉంది, ఇక్కణ్ణుంచి వెళ్తే రాత్రి అక్కడే ఉండాలి. నీరెజ్‌హాజాని వాళ్ళ సొంత గ్రౌండ్‌లో చూడాల్సి ఉంది, డెబ్రెత్సెన్ వచ్చినప్పుడే చూశాను. కొత్త సీజన్ 2025–26కి కింది లీగ్ నుంచి కిష్వార్దా, కజింత్స్‌బర్త్సికా పైకొచ్చాయి. రెండూ దేశం తూర్పు సగంలోనే, కాబట్టి నాకు పని తేలికైంది. జలాఎగెర్సెగ్‌కి ఆగస్టులోనే వెళ్తాను, పగలు పొడుగ్గా ఉన్నప్పుడే. ఎవరైనా డెబ్రెత్సెన్ నుంచి కలిసి వస్తానంటే హాస్టల్ గది ఇద్దరికి పంచుకోవచ్చు.