పదకొండోసారీ బెల్టు ఊడింది

38 సెకన్లు. నా మోడల్ ఆవిరి ఇంజన్ నుంచి మోడల్ నూర్పిడి యంత్రానికి వేసిన బెల్టు నిన్న రాత్రి నిలిచింది అంతసేపే. తర్వాత నూర్పిడి యంత్రం పుల్లీ మీద బయటివైపుకి కొంచెం కొంచెంగా జరుగుతూ వచ్చి కింద పడింది.

మిగతా పనంతా అయిపోయింది. స్టూవర్ట్ 10ఎచ్ అనే చిన్న మోడల్ ఆవిరి ఇంజన్ ప్రస్తుతానికి ఆవిరి బదులు కంప్రెసర్ గాలి మీద చక్కగా తిరుగుతోంది, టేకు చెక్కతో చేసిన నూర్పిడి యంత్రంలో జల్లెళ్ళు ఊగుతున్నాయి. రెండింటినీ కలిపే బెల్టు దగ్గరే నా ప్రాణం పోతోంది.

నా ఫ్లైవీల్ 76 మి.మీ., డ్రమ్ము పుల్లీ 18 మి.మీ. నేను చూసి చేస్తున్నది అమెరికా కేస్ కంపెనీ వాళ్ళ 65 హార్స్‌పవర్ ట్రాక్షన్ ఇంజన్, అంటే తనంతట తానే నడిచే ఆవిరి ఇంజన్. దాని ఫ్లైవీల్ 40 అంగుళాలు, నిమిషానికి 250 చుట్లు. అంటే బెల్టు నిమిషానికి 2,600 అడుగులు పరుగెత్తేది. అమెరికా పొలాల్లో ఆ బెల్టు చుట్టు మొత్తం 150 అడుగుల దాకా ఉండేది. నిప్పురవ్వలు గడ్డి మీద పడకూడదంటే ఇంజన్ దూరంగా ఉండాలి మరి. ఆ లెక్కన, 13 రెట్లు తగ్గిస్తే, నాకు రెండు ఇరుసుల మధ్య 1,600 మి.మీ. వచ్చింది. డైనింగ్ టేబుల్ సరిగ్గా సరిపోయింది. పది రోజులుగా ఇంట్లో అందరం కింద కూర్చునే తింటున్నాం.

బెల్టు 8 మి.మీ. నూలు నాడా, పొడవు 3.35 మీటర్లు, మధ్యలో 8 అంకెలా ఒక మెలిక. మెలిక వేస్తే చిన్న పుల్లీ మీద పట్టు బాగా పెరుగుతుందనుకున్నా. లెక్కేస్తే పుల్లీని బెల్టు చుట్టుకునే కోణం 178 డిగ్రీలు కాస్తా 183 అయింది, అంతే! ఇంత దూరంలో మెలిక వల్ల లాభం గాలికి బెల్టు కొట్టుకోకపోవడం, డ్రమ్ము తిరగాల్సిన వైపుకి తిరగడం.

మొదట అతుకుని అనుమానించాను. అడ్డంగా కుట్టింది విప్పి 25 మి.మీ. ఏటవాలుగా అతికిస్తే టకటక పోయింది, జరగడం పోలేదు. తర్వాత, బెల్టు మధ్యలో నిలవడానికి పుల్లీ నడుమ ఇచ్చే ఉబ్బుని 0.3 నుంచి 0.8 మి.మీ.కి పెంచాను. ఇంకా చెడింది. నాడా ఆ ఉబ్బు మీద ఒదగక, నడుమ మాత్రమే ఆని జారిపోయింది. మా ఊరి రైస్ మిల్లులో బెల్టు జారితే గుగ్గిలం పొడి చల్లేవారని గుర్తొచ్చి అదీ చల్లాను. పట్టు దొరికింది కానీ పుల్లీ మీద బంక పేరుకుంది. అది గోకడానికే ఒక సాయంత్రం పోయింది.

అసలు దొంగ మొన్న డయల్ గేజ్ (వెంట్రుకవాసి కదలికని కూడా కొలిచే ముల్లు పరికరం) పెడితే దొరికాడు. పుల్లీ బేరింగ్‌కి 14 మి.మీ. బయట వేలాడుతోంది. బెల్టు బిగించగానే ఇరుసు చివర ఇంజన్ వైపుకి 0.6 మి.మీ. వంగుతోంది. రెండు ఇరుసులూ బయటి కొసల్లో దగ్గరపడితే బెల్టు అటే నడుస్తుంది. దారం కట్టి పదిసార్లు సరిచూసిన నేను, ప్రతిసారీ బెల్టు వదులుగా ఉన్నప్పుడే చూశాను. బుద్ధి ఉండాలి.

మరి బెల్టుని అంత బిగించడం ఎందుకు? అసలు యంత్రాల దగ్గర డ్రైవర్ ఇంజన్‌ని మెల్లగా వెనక్కి నడిపి, బెల్టు బిగియగానే చక్రాలకి దిమ్మలు పెట్టేవాడు. ఆపైన బెల్టు బరువే పట్టు ఇచ్చేది. నా మోడల్‌లో పొడవు, వెడల్పు, మందం మూడూ 13 రెట్లు తగ్గేసరికి బరువు 2,000 రెట్లకు పైగా తగ్గిపోయింది. మొత్తం నాడా 11 గ్రాములు! బరువు చేయాల్సిన పని నేను లాగి చేస్తున్నాను, దానికి ఇరుసు వంగుతోంది.

నిన్నటి 38 సెకన్ల తర్వాత బేరింగ్‌కి 3 మి.మీ. ఇత్తడి పట్టీ ఆసరా ఇచ్చాను. ఇవాళ పొద్దున 4 నిమిషాల 10 సెకన్లు నడిచింది! ఆపింది కూడా నేనే, ఆఫీసుకి టైమైంది.

బొమ్మ ఆవిరి ఇంజన్లు చేసే మామోడ్, విలెస్కో కంపెనీల వాళ్ళలా గాడి పుల్లీ, స్ప్రింగు బెల్టు పెట్టుకోమని ఓ మిత్రుడి సలహా. అవి ఊడవు, ఒప్పుకుంటా. కానీ నూర్పిడి యంత్రానికి స్ప్రింగు బెల్టంటే పంచెకట్టు మీద టై కట్టినట్టే.

శనివారం పుల్లీకి బయటివైపు రెండో బేరింగ్ వేస్తాను. నాడా బదులు పాత రెయిన్‌కోటు గుడ్డ కోసి చూడాలి, బరువు మూడింతలు ఉండొచ్చు. అది నిలిస్తే బాయిలర్ ఎక్కించి ఆవిరి మీదే నడపాలి. పొగకి హాల్లో ఒప్పుకోరు కాబట్టి మేడ మీద. అక్కడ గాలి కూడా ఉంటుంది, మెలిక సంగతీ తేలుతుంది.