షా లతీఫ్‌ను మొదటి పుట నుంచి చదవకండి

సింధీ సూఫీ కవి షా అబ్దుల్ లతీఫ్ భిటాయీ (1689–1752) కవిత్వమంతా ‘షా జో రిసాలో’ అనే ఒక్క సంపుటిలో దొరుకుతుంది. ఇష్టంగా కొనుక్కుని, ఇరవై పుటలు దాటకుండానే పక్కన పెట్టేసేవాళ్లు చాలామంది. కారణం తేలికే. ఇందులో ఒక్కో అధ్యాయాన్ని సుర్ అంటారు. చాలా ప్రతుల్లో మొదట వచ్చేది సుర్ కల్యాణ్. అందులో కథ ఉండదు. దేవుడి ఏకత్వం, వలపు, నొప్పే మందు కావడం, అన్నీ సూటిగా సూఫీ తత్వమే. దాన్ని చివరికి ఉంచుకోవాలి.

మొదలుపెట్టాల్సింది సుర్ సోహ్ణీతో. అయితే ముందు కథ తెలిసి ఉండాలి. లతీఫ్ కథ చెప్పడు, విన్నవాళ్లందరికీ తెలుసుననే ధీమాతో నడి ఏట్లోంచి ఎత్తుకుంటాడు. సోహ్ణీ కుమ్మరివారి పిల్ల, వేరొకరితో పెళ్లయింది. రాత్రిళ్లు కాల్చిన కుండ ఆసరాగా నది ఈది, ఆవలి గట్టున గేదెలు కాసే మేహార్‌ను కలిసేది. సంగతి పసిగట్టిన ఇంటివాళ్లు ఆ కుండ తీసి కాల్చని పచ్చికుండ పెట్టారు. ఇక ఈ బైత్ (పద్యం) చూడండి:

ఘడో భగో, ముంధ్ ముయీ, వసీలా వియా
తహాఁ పోఇ సుఆ, సోహ్ణీఅ సడ్ మేహార్ జా

కుండ పగిలింది, పడతి పోయింది, ఆసరాలన్నీ పోయాయి. ఆ తర్వాతే సోహ్ణీకి మేహార్ పిలుపులు వినపడ్డాయి. ప్రేమకథగా మాత్రమే చదివితే కుండ మారడం ఒక కుట్రగా మిగిలిపోతుంది. లతీఫ్‌కు కుండే అడ్డు. ‘తర్వాతే’ అన్నదాంట్లో ఉంది పద్యమంతా.

ప్రాస ఎక్కడ పడిందో కూడా గమనించండి. మన పద్యానికి ప్రాస పాదం మొదట్లో, రెండో అక్షరంలో. ఇక్కడ మొదటి పాదం చివర ‘వియా’, రెండో పాదం నడుమ ‘సుఆ’. అక్కడ ఆగి, తర్వాతి ముక్కను విడిగా వదలాలి. ఏకబిగిన చదివేస్తే బైత్ నడక పోతుంది.

ప్రతి సుర్‌లో దాస్తాన్లనే భాగాలుంటాయి. దాస్తాన్‌లో కొన్ని బైతులు, వాటి వెంట వాయి అనే పాట. సోహ్ణీ తర్వాత సస్సుయీ: దూరమైన భర్తను వెతుక్కుంటూ కొండలూ ఎడారీ పట్టి పోయిన పడతి. ఆమె ఒక్కతె కథకే అయిదు సుర్లున్నాయి, వాటిలో సుర్ ఆబ్రీతో మొదలుపెట్టండి. ఆ తర్వాత మారుయీ: ఉమర్‌కోట కోటలో బందీగా ఉండి, పట్టుబట్టలు కాదని తన పల్లె ముతక కంబళినే పట్టుకుని కూర్చున్న థార్ ఎడారి పిల్ల.

ఇవన్నీ పాడటానికి కట్టినవి, కాబట్టి వినడమూ చదువులో భాగమే. లతీఫ్ సమాధి భిట్ షాలో ఉంది, సింధ్‌లోని హైదరాబాద్‌కు దగ్గర. అక్కడ నల్లబట్టల ఫకీర్లు రోజూ పాడతారు, గురువారం రాత్రి మరీ విశేషం. తంబురా లాంటి అయిదు తీగల దంబూరో తప్ప తబలా ఉండదు, దాని బుర్ర మీదే చేత్తో దరువు వేస్తారు. గొంతు ఉన్నట్టుండి సన్నగా పైకి లేస్తే అపశ్రుతి అనుకోకండి. అది సోహ్ణీ గొంతు, సస్సుయీ గొంతు. మగవాళ్లు ఆడగొంతుతో పాడటం ఈ బాణీకి ప్రాణం.

యవ్వనంలో లతీఫ్ జోగులతో కలిసి బలూచిస్తాన్‌లోని దేవీ క్షేత్రం హింగ్లాజ్ దాకా తిరిగాడు. ఆ జోగుల మీదే సుర్ రామ్‌కలీ. దేశవిభజనలో ఊరు వదిలి వచ్చిన సింధీ హిందువులు ఆయన్ను వదల్లేదు. రిసాలో మీద చేసిన కృషికి సింధీ రచయిత కల్యాణ్ ఆడ్వాణీకి 1968లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.