పదేళ్ల వారంటీ డబ్బా

"గ్రాఫిక్స్ కార్డు తర్వాత, ముందు పవర్ సప్లై చూపించన్నా" అన్నాను. కొత్త పీసీ కోసం సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లాను. షాపు అన్న ఒక్క క్షణం ఆగి, లోపలి నుంచి 850 వాట్ల గోల్డ్ (కరెంటు తక్కువ వృథా చేసే రకం) డబ్బా తెచ్చిపెట్టాడు. మీద పదేళ్ల వారంటీ అని ఉంది.

పాత పీసీకి పవర్ సప్లైనే చౌకగా చూసి కొన్నాను. మూడో ఏడు అది పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది. ఆ రాత్రి టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

ఈసారి బోర్డు ఏఎం5 సాకెట్‌ది, అంటే ఏఎండీ ప్రాసెసర్ కూర్చునే చోటు. దీని ముందు తరం, 2016లో వచ్చిన ఏఎం4 సాకెట్‌లో 2022 నాటి 5800ఎక్స్3డీ ప్రాసెసర్ కూడా కూర్చుంది. బయోస్ (బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే చాలా పాత బోర్డులు దాన్ని తీసుకున్నాయి. ఏఎం5 కూడా అలాగే చాలా ఏళ్లు నిలుస్తుందని నా నమ్మకం.

గ్రాఫిక్స్ కార్డు దసరాకి. అప్పటిదాకా ప్రాసెసర్‌లో ఉన్న చిన్న గ్రాఫిక్స్‌తోనే నడిపిస్తా.