గంటంపావు ప్రయాణం, ఆరు గంటల రోజు

హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి విమానంలో ఎంతసేపు పడుతుందని మా పెద్దమ్మ అడిగినప్పుడు, టికెట్ మీద చూసి గంటంపావు అని చెప్పాను. ఆ మాట సగమే నిజమని తరువాత తెలిసింది. శంషాబాద్ నుంచి విశాఖకు ఆకాశమార్గంలో దూరం సుమారు 510 కిలోమీటర్లు కాగా, విజయవాడ మీదుగా రోడ్డున వెళితే 600 దాటుతుంది. గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల వేగంతో వెళ్లగల జెట్ విమానానికి ఇది నలభై నిమిషాల పనే అనిపిస్తుంది కానీ, టికెట్‌పై ముద్రించే సమయం, విమానం ద్వారం (గేటు) దగ్గర కదిలినప్పటి నుంచి మళ్లీ ద్వారం దగ్గర ఆగేవరకు లెక్క. రన్‌వే వరకు నెమ్మదిగా పాకడం, పైకెక్కడం, దిగడం అన్నీ అందులోనే కలుస్తాయి.

మేము కూకట్‌పల్లిలో తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాం. తనిఖీ దగ్గర పెద్దమ్మ చేతిసంచిలోని ఆవకాయ సీసాను బయటికి తీయించారు; నూనె కారకుండా ఆమె కట్టిన గుడ్డముడి విప్పడానికే ఐదు నిమిషాలు పట్టింది. (పచ్చడిని చెకిన్ సామానులో పెట్టమని ముందే చెప్పకపోవడం నా తప్పే.) విశాఖలో మా బంధువుల గుమ్మం తొక్కేసరికి పదిన్నర అయింది. సికింద్రాబాద్ నుంచి 2023 జనవరిలో మొదలైన వందే భారత్ రైలు ఇదే ప్రయాణానికి దాదాపు ఎనిమిదిన్నర గంటలు తీసుకుంటుంది.