నైట్ డ్యూటీలో ఎంఏ

తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్ నా పని. సాయంత్రం ఎక్కితే తెల్లారి దిగే డ్యూటీ. డిగ్రీ అయిన చాలా ఏళ్లకు దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో ఎంఏ ఎకనామిక్స్‌లో చేరాను. క్లాసులు శని, ఆదివారాల్లో ఉంటాయన్నారు. ఆ రెండు రోజులూ కొండకొచ్చే జనాన్ని చూసినవాళ్లెవరూ నాకు సెలవు దొరుకుతుందని అనుకోరు.

కాబట్టి ఫోనే దిక్కు. ముందు డబ్బు కట్టి ఒక యాప్ తీసుకున్నాను, పేరెందుకులెండి. మీకోసమే తయారుచేసిన ప్లాన్ అంటుంది. తీరా చూస్తే రూముల కోసం జనం కౌంటరు మీద పడే వేళకే రోజూ మోగుతుంది. పైగా అది చూసేది నేను వీడియో ఎంతసేపు ఆడించానన్నదే. నోట్సు దించుకుని చంద్రగిరి బస్సులో చదివితే దాని లెక్కలో నేను ఖాళీగా ఉన్నట్టే. ‘మీరు వెనకబడ్డారు’ అని ఎర్ర అక్షరాలు. చదువు కన్నా ఆ ఎరుపు టెన్షనే ఎక్కువైంది. తీసేశాను.

తర్వాత నాకు నేనే కూర్చుకున్నాను. ఇగ్నో వాళ్ల ఆన్‌లైన్ లైబ్రరీ ఈ-జ్ఞానకోశ్‌లో యూనిట్ల పీడీఎఫ్‌లు ఉచితం. అర్థం కానిచోట కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ ‘స్వయం’లో వీడియోలు. 2017లో మొదలైన ఆ పోర్టల్‌లో చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. తెలుగు మీడియంవాణ్ణి గనక ఇంగ్లిష్ లెక్చర్ల వేగం 0.75కి తగ్గించి వింటాను. యూనిట్ అయ్యాక అర్థమైనంత తెలుగులో చెప్పుకుని రికార్డు చేసి, బస్సులో మళ్లీ వింటాను.

డిమాండ్ వ్యాకోచత్వం, అంటే ధర మారితే గిరాకీ ఎంత మారుతుందన్నది, అలాగే తలకెక్కింది. బ్రహ్మోత్సవాలప్పుడు అద్దె పెరిగినా గదులు నిండుతాయి. దర్శనం టికెట్టు చేతిలో ఉన్నవాడు రేటు చూసి ఊరికి తిరిగిపోడు కదా. అదే మామూలు మంగళవారం, వంద తగ్గించకపోతే ఎదురు లాడ్జికి పోతాడు. గది అదే, మంచం అదే. పుస్తకంలో గ్రాఫు కన్నా మా రిజిస్టరే బాగా చెప్పింది.

చాట్‌బాట్ చేత ప్రశ్నలు వేయించుకుంటాను. జవాబులు మాత్రం రాయించుకోను. అసైన్‌మెంట్లకు 30 శాతం, టర్మ్ ఎండ్ పరీక్షకు 70 శాతం. పరీక్షలో పెన్ను పట్టాల్సింది నేనే. స్క్రీన్‌కు అలవాటుపడ్డ చేయి రెండు పేజీలకే నొప్పెడుతుంది. అందుకే ఒంటిగంట దాటి జనం పలచబడ్డాక పాత బిల్లుల వెనకవైపు పాత ప్రశ్నపత్రాలు రాస్తుంటాను. ‘ఏంది అన్నా, ఈ వయసులో హోంవర్కా?’ అంటాడు రూమ్‌బాయ్.

పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. మాకు రెండూ సీజనే: ఒకటి వేసవి సెలవుల రద్దీ, ఇంకోటి ధనుర్మాసం. కానీ పేపర్లన్నీ ఒకేసారి రాయాలని రూలు లేదు, రాయగలిగినవాటికే ఫీజు కట్టొచ్చు. నా కొలతకు కుట్టిన చొక్కా ఏదైనా ఉందంటే ఈ రూలే. ఈ డిసెంబరుకు కొన్ని కట్టాను, మిగతావి జూన్‌కు. తేదీలు రాగానే మేనేజర్ సార్‌కు చెబితే, ‘వైకుంఠ ఏకాదశి కాకుంటే చూద్దాంలే’ అన్నారు.