నల్ల ఆయిల్, నల్ల పొడి

పోయిన సెలవుల్లో కడపకు వచ్చినప్పుడు మా బావమరిది మెకానిక్ షెడ్డులో కూర్చున్నా. బండి కింద ట్రేలోకి కాలిన ఆయిల్ కారుతోంది. "బావా, కువైట్‌లో మీరు దీన్నే కదా శుభ్రం చేసేది? ఆ పొడి రెండు కేజీలు తెచ్చింటే ఇక్కడే వడగట్టుకుంటాంటి కదా!" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. షువైబాలో, అంటే కువైట్‌లో ఫ్యాక్టరీలుండే చోట, పనికి చేరిన కొత్తలో నేనూ అట్లే అనుకున్నా.

ఆ పొడి యాక్టివేటెడ్ కార్బన్. రాతిబొగ్గును గాలి తగలకుండా కాల్చి, 900 డిగ్రీల వేడిలో నీటి ఆవిరి పట్టిస్తే లోపలంతా కంటికి కనపడని రంధ్రాలు పడతాయి. ఒక్క గ్రాములో ఉండే రంధ్రాల గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తుంది. మన లెక్కలో 25 సెంట్ల స్థలం! కొబ్బరిచిప్ప కార్బన్‌లో రంధ్రాలు మరీ సన్నం. నూనెలోని పెద్ద అణువులు దూరాలంటే రాతిబొగ్గుదే మేలు.

25 కేజీల సంచులు కోసి వేడి ట్యాంకులో పోయడం నా పని. మాస్కు పెట్టుకున్నా రాత్రి ముక్కు చీదితే నలుపే. చపాతీ పిండి పిసికితే దాని మీద నా వేలిముద్రలు. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలు. మా ట్యాంకు మీద రేకుల కప్పు ఉంది కాబట్టి అది ఎండ కాదంట.

చేరిన నెలలోనే ఒక రాత్రి సంచి మూతి కట్టకుండా వదిలేశా. సముద్రపు గాలికి పొడి తేమ పట్టింది. పొద్దున అదే తీసుకుపోయి 110 డిగ్రీల నూనెలో గుమ్మరించా. పాలు పొంగినట్టు నురగ లేచి మూత దాటి నా బూట్ల మీదికి వచ్చింది. కాళ్ళు కాలలేదు గానీ రెండు రోజుల జీతం కోశారు.

ఇదంతా చెప్పి, "రేయ్, కార్బన్ చివరి పని. ముందు నీళ్ళు, డీజిల్ ఆవిరి చేసి తీసేయాల. తర్వాత వాక్యూమ్‌లో, అంటే గాలి లాగేసిన ట్యాంకులో, నూనెను కాచి ఆవిరిగా పైకి లాగితే మసి, లోహాలు అడుగున మిగిలిపోతాయి. పైకొచ్చిన నూనెలో ఎర్ర రంగు, పాడు కంపు ఉంటాయి చూడు, వాటిని పీల్చేదే ఈ పొడి. అయిపోయినాక మళ్ళీ కొత్త అడిటివ్‌లు, అంటే ఇంజిన్‌ను కాపాడే మందులు, కలపాల. అవి లేకుంటే ఎంత తెల్లగున్నా ఇంజిన్‌కు పనికిరాదు" అన్నా.

విన్నట్టే తలూపాడు. మరుసటి రోజు ఇస్త్రీ అంగడి నుంచి బొగ్గులు తెచ్చి దంచి, ఆయిల్‌లో కలిపి, పాత లుంగీలో వడగట్టాడు. ఒక చుక్క కడప బండ మీద పడింది. వేలితో రాస్తే మసి మసిగా పాకింది.

"కువైట్ బొగ్గు వేరేమో బావా" అని, డబ్బాలో ఉన్నదంతా సెంట్రింగ్ పలకలకు పూసే అతనికిచ్చి పంపాడు.