కోవిడ్ వచ్చింది, కానీ లెక్కలోకి రాలేదు

ఇప్పటికీ మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో కోవిడ్ లెక్కల మీద గొడవ అవుతానే ఉంటాది. మా పెద్ద బావ ఏమో "అంతా డ్రామా రా, ఎలా పోయినోడినైనా కరోనా అని రాసేశారు" అంటాడు, మా చిన్నాన్న ఏమో "చెప్పినదానికి పదింతలు పోయారు, తొక్కేశారు" అంటాడు. ఇద్దరికీ ఒకటే చెప్తుంటాను, నాకు కోవిడ్ వచ్చింది, చావు దగ్గరికెళ్ళి వచ్చాను, కానీ సర్కారు కేసుల లెక్కలో నేను లేను, అదెలా జరిగిందో వినండి ముందు అని.

2021 ఏప్రిల్ ఆఖర్లో మొదలైంది. మేం విశాఖ గాజువాకలో ఉంటాం. ఒళ్ళునొప్పులు, సాయంత్రానికి జ్వరం, డోలో వేస్తే తగ్గడం మళ్ళీ రావడం. ఓ రోజు పక్కింట్లో ఎండునెత్తళ్ళు వేయిస్తున్నారు, మా ఆవిడ ముక్కు మూసుకుని కిటికీ వేసేస్తోంది, నాకేమో ఏ వాసనా తెలీట్లేదు. ఇంక ఇద్దరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. శాంపిల్ ఇస్తే రిజల్ట్ రావడానికే రోజులు పట్టింది, అప్పుడు ల్యాబుల మీద లోడు అలా ఉంది. తీరా వచ్చింది చూస్తే నెగటివ్.

కానీ దగ్గు ఆగదు కదా. ఆక్సీమీటర్లో 91, బాత్రూం దాకా నడిస్తే ఇంకా కిందకి. బావమరిది ఎలాగో ఆటో మాట్లాడి సీటీ స్కానుకి తీసుకెళ్ళాడు, ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే స్కోరు 25కి 13. డాక్టర్ గారు ఫిల్మ్ చూసి "డౌటేం లేదు బాబూ, కోవిడ్డే, ముక్కులో దొరకలేదు గానీ ఊపిరితిత్తుల్లో కూర్చుంది" అన్నారు. స్వాబ్ లేటుగా తీసినా, సరిగ్గా తీయకపోయినా ఆర్టీపీసీఆర్ టెస్టులో మిస్ అవ్వొచ్చు, అది అందరికీ తెలిసిందే. ఇక్కడ తమాషా ఏంటంటే కోవిడ్ బెడ్ అడిగితే పాజిటివ్ రిపోర్ట్ చూపించమంటారు, మామూలు బెడ్ అడిగితే సీటీ చూసి మా దగ్గర వద్దంటారు. చివరికి ఓ చిన్న నర్సింగ్ హోమ్‌లో దొరికింది, కేస్ షీట్ మీద "వైరల్ నిమోనియా" అని రాసుకున్నారు. అంతే, ఆ రెండు మాటలతో నేను కోవిడ్ లెక్కలోంచి బయటికొచ్చేశాను. నిజానికి ఇలాంటోళ్ళ కోసం డబ్ల్యూహెచ్‌వో కోడ్ కూడా ఉంది, టెస్టులో తేలితే యూ07.1, టెస్టులో తేలకపోయినా డాక్టరు కోవిడ్ అని తేలిస్తే యూ07.2. కానీ అప్పట్లో రోజూ టీవీలో చెప్పిన లెక్క టెస్టు పాజిటివ్‌లదే.

ఆక్సిజన్ పెట్టారు, స్టెరాయిడ్ ఇచ్చారు, దాంతో షుగర్ 300 దాటిపోయింది. బోర్లా పడుకోమనేవారు, మెడ పట్టేసేది. మన స్టీల్ ప్లాంట్ నుంచి ఏప్రిల్ 22న దేశంలోనే మొదటి ఆక్సిజన్ రైలు మహారాష్ట్రకి వెళ్ళింది, ఆ తర్వాత కొన్నాళ్ళకి నేనిక్కడ అదే ఊళ్ళో సిలిండర్ ముల్లు వైపు చూస్తూ పడుకున్నాను. సాయంత్రం అయ్యేసరికి ఫోన్లో బులెటిన్ వచ్చేది, గత 24 గంటల్లో ఇన్ని కేసులు, ఇంతమంది మృతి అని. మే 16న రాష్ట్రంలో కేసులు 24 వేలు దాటాయి. జిల్లాల వారీగా చదివి విశాఖపట్నం దగ్గర ఆగేవాణ్ణి, ఎందుకో తెలీదు.

పక్క బెడ్‌లో రిటైరైన ఓ పెద్దాయన ఉండేవారు. ఆయనదీ నెగటివే, సీటీ నాకన్నా ఘోరం. రాత్రి నిద్ర పట్టక పాత డాబా గార్డెన్స్ కబుర్లు చెప్పేవారు, ఆయాసపడుతూనే. ఓ తెల్లారుజామున పోయారు. కాగితం మీద కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్ అని రాశారు, అంటే గుండె ఆగింది, ఊపిరి ఆగింది అని, అది ఎవరికైనా ఆగేదే కదా! ఎందుకాగింది అన్నది ఎక్కడా లేదు.

ఇంటికొచ్చాక అసలు కష్టం. గట్టిగా ఊపిరి పీలిస్తే బంతులు లేచే మూడు బంతుల మెషిన్ ఇచ్చారు, ఒక్క బంతి లేస్తే పండగ. జుట్టు గుప్పెళ్ళు గుప్పెళ్ళు ఊడింది. మేడ మెట్ల మధ్యలో కూర్చుని లేచేవాణ్ణి. చానాళ్ళకి గానీ ఆర్కే బీచ్‌లో ఆ చివర నుంచి ఈ చివరకి నడవలేకపోయాను. ఇప్పుడు బానే ఉన్నాను, చలికాలం మాత్రం దగ్గు పట్టుకుంటే వదలదు.

మళ్ళీ లెక్కల దగ్గరికొస్తే, 2021 ఆఖరికి దేశంలో సర్కారు చెప్పిన కోవిడ్ మరణాలు 4.8 లక్షలు. 2020, 2021 రెండేళ్ళకీ డబ్ల్యూహెచ్‌వో 2022లో వేసిన అంచనా 47 లక్షలు, కోవిడ్ లేకపోతే పోయేవాళ్ళకన్నా ఎక్కువగా పోయినవాళ్ళు అన్నమాట. లెక్కగట్టిన పద్ధతే తప్పు అంటూ కేంద్రం ఆ అంచనాని ఒప్పుకోలేదు. "ఇంటింటికీ తిరిగి చూశారా వాళ్ళు?" అంటాడు బావ. సరే, అది మోడల్, అంటే లెక్కలు కట్టి వేసిన అంచనా, ప్రశ్న అడగొచ్చు. మరి మన పంచాయతీలు, మున్సిపాలిటీల్లో మనమే రాయించుకున్న మరణాల రిజిస్టర్ సంగతేంటి? 2019లో దేశం మొత్తం 76 లక్షలు, 2021లో కోటీ 2 లక్షలు. ఇది 2025లో కేంద్రం తనే ఇచ్చిన లెక్క. అవన్నీ కోవిడ్ అని నేననను, రిజిస్టర్ చేయించుకునేవాళ్ళు కూడా పెరిగారు, అలాగని ఒక్క ఏడాది కోసం జనం అంత శ్రద్ధగా సర్టిఫికెట్లకి పరిగెత్తారంటే నేన్నమ్మను. చిన్నాన్నకి కూడా ఇదే చెప్తాను, తొక్కేశారో లేదో నాకు తెలీదు గానీ నన్నైతే ఎవరూ దాచలేదు, కాగితంలో గడి లేదు అంతే.

ఆ పెద్దాయన భార్య, పిన్నిగారు అంటాను నేను, కోవిడ్‌తో పోయినవాళ్ళ ఇంటివాళ్ళకి ఇచ్చిన 50 వేల సాయానికి పెట్టుకుంటే ముందు పాజిటివ్ రిపోర్ట్ లేదని వెనక్కి పంపారు. సుప్రీంకోర్టు అడిగాక వచ్చిన రూల్స్‌లో జిల్లా కమిటీకి వెళ్ళే దారి ఉందని మా ఆవిడ పేపర్లో చూసి చెప్పింది. సీటీ ఫిల్మ్, కేస్ షీట్, మందుల బిల్లులు కట్టగట్టి కలెక్టరేట్‌లో ఇచ్చొచ్చాం. డబ్బులు పడ్డాయి. పిన్నిగారు ఫోన్ చేసి డబ్బు మాట ఎత్తనే లేదు, "అయితే బాబూ, మీ అంకుల్‌ని ఇప్పుడు లెక్కలో రాసినట్టేనా?" అని అడిగారు. రాసినట్టే పిన్నిగారూ అన్నాను.